బోధోళ్ల ఇల్లు

అంబులెన్సు మోత లేకుండా వచ్చింది. వికారాబాదులో మా సందు మొగలో, పెద్ద రోడ్డు పక్కన, చేతిసంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. తాండూరులో మా తమ్ముడి కొడుకు మహేశ్‌కు పప్పు మిల్లులో ఉండగా గుండెలో నొప్పి వచ్చిందనీ, హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నామనీ, దారిలో నన్నూ ఎక్కించుకుంటామనీ ఫోను చేశారు. సంచిలో ఒక దుప్పటి, నీళ్లసీసా, రెండు చీరలు పెట్టుకున్నాను. ఆసుపత్రిలో ఎన్ని రోజులుండాల్సి వస్తుందో అనుకున్నాను. బండి కనిపించగానే చెయ్యెత్తాను. అంత తొందరగా పోవలసిన బండి తీరిగ్గా వచ్చి నా ముందు ఆగింది. తలుపు లోపలి నుంచి మా మరదలు కమల తీసింది. కొడుకు పక్కన కూర్చుని ఉంది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. "ఎక్కు వదినె, ఇంటికి పోదాం" అంది. ఎక్కాను. డ్రైవరు అక్కడే బండి తిప్పాడు.

అనంతగిరి గుట్టల మలుపుల్లో దుప్పటి జారినప్పుడల్లా కమల సర్దుతూ వచ్చింది. చలిపెడుతుందేమోనన్నట్టు గడ్డం దాకా లాగేది, మళ్లీ జారితే మళ్లీ లాగేది. ఒక్క చుక్క కన్నీరు లేదు. డ్రైవరు అద్దంలోంచి ఆమెను రెండు మూడు సార్లు చూశాడు. కన్నతల్లి ఇట్లా ఉంటుందా అని అనుకునే ఉంటాడు. నేను మాత్రం ఏమీ అనుకోలేదు. మాకది అలవాటు. తాండూరులో మా ఇంటిని బోధోళ్ల ఇల్లు అంటారు. ఆ ఇంట్లో శవం దగ్గర ఏడవరు.

బోధ అనే మాట గురించి కొంచెం చెప్పాలి. జీవితమంతా తెలుగు పంతులమ్మగా బతికినదాన్ని, పాఠంలో ఆ మాట వచ్చినప్పుడల్లా గురువు శిష్యుడికి తెలియజెప్పడం అని అర్థం రాయించి ముందుకు పోయేదాన్ని. ఇంట్లో దానికి అర్థం రాయించేవాళ్లు లేరు. అది దీపం పెట్టే వేళలాగా రోజులో ఒక వేళ. మా నాయినకు గంజి రోడ్డులో పప్పుల దుకాణం. ఆయన తండ్రి కాలం నుంచీ గురుబోధ తీసుకున్న వంశం మాది. విగ్రహానికి మొక్కం, తద్దినం పెట్టం, పోయినవాళ్ల పటం గోడకు తగిలించం. సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చి నాయిన కాళ్లు కడుక్కుని మధ్యగదిలో గొంగడి మీద కూర్చునేవాడు. "నాయిన బోధకు కూసుండే యాళ్లయింది, సప్పుడు జెయ్యకుండ్రి" అని అమ్మ మమ్మల్ని వంటింట్లోకి తోలేది. "సేటు బోధల కూసున్నడంటె ఇగ లేవడు, గిప్పుడే పప్పు తీసుకో" అని గిరాకీలు ఒకరినొకరు తొందరపెట్టుకునేవాళ్లు. వీధిలో ఎవడైనా ఎవడికైనా బుద్ధులు చెప్పబోతే "నువ్వేంది, సేటు లెక్క బోధ వెట్టినవ్" అని నవ్వేవాళ్లు. మా పక్కిల్లు టైలర్ రహీం సాబ్‌ది. వాళ్లకు జుమ్మా నాడు మసీదులో బయాన్. వెనక గల్లీలో ధారూరు జాతరకు బండి కట్టుకుని పోయే క్రైస్తవుల ఇళ్లుండేవి. వాళ్లకు ఆదివారం వాక్యం. బయాన్‌కు పోయి వచ్చిన రహీం సాబ్, వాక్యం విని వచ్చిన వెనక గల్లీ వాళ్లు కూడా పొద్దుగూకితే మా అరుగు చివర కూర్చుని నాయిన బోధ వినేవాళ్లు. ఎవరి మాట వాళ్లది, చెప్పేవాళ్ల గొంతు సాగే తీరు మాత్రం ఒకటే అని నాకు చిన్నప్పుడే తోచింది.

ఆ గది వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. నాపరాళ్లు పరిచిన నేల, కాళ్లకింద చల్లగా, ఎప్పుడూ తడిసినట్టే ఉండేది. ఒక మూల బస్తాల్లో కందులు, వాటి మీద నూనె పట్టించిన పప్పు వాసన, దాని మీదికి సాంబ్రాణి పొగ. నర్సప్ప అని అప్పటికి మీసం కూడా సరిగా రాని పిల్లగాడు తంబుర పట్టేవాడు. నాయిన ముందు ఒక తత్వం పాడి, గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టేవాడు. ఇల్లు ఖాళీ చేసిపోయినవాడి కోసం గోడను పట్టుకుని ఏడుస్తారా, అనేవాడు. పోయినదానికి పేరుందా, ఊరుందా, అనేవాడు. పగలంతా బస్తాలు మోసి వచ్చిన హమాలీలు తలలూపేవాళ్లు. వాళ్లలో కొందరు నిజంగానే నిద్రపోయేవాళ్లు, నాయిన ఏమీ అనేవాడు కాదు. అమ్మ మాత్రం ఒక్కనాడూ వచ్చి కూర్చోలేదు. అంతమందికి చాయ్ కాచేది, గిన్నె దించేది, గ్లాసులు కడిగేది. తర్వాత బడిలో బోధనేతర సిబ్బంది అనే మాట కాగితాల మీద చూసినప్పుడల్లా నాకు అమ్మే గుర్తుకొచ్చేది.

ఎవరైనా పోతే మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. శవాన్ని పడుకోబెట్టరు. కాళ్లు మడిచి, వీపు గోడకు ఆనించి, తల వాలకుండా నుదుటి మీదుగా గుడ్డ కట్టి మేకుకు బిగిస్తారు. ధ్యానంలో ఉన్నట్టు కూర్చోబెట్టి, అట్లాగే కూర్చున్నట్టే గుంతలో దింపుతారు. లేపే ముందు ఇంట్లో పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుని బోధ చెప్పాలి. అందులో పోయినవాళ్ల పేరు రాకూడదు. బోధ వినపడే చోట ఏడవకూడదు, బోధ అయ్యాక అసలే ఏడవకూడదు. ఏడిస్తే చెప్పింది వినలేదన్నట్టు, గురువును కాదన్నట్టు. తాండూరులో మా ఇంట్లో చావును చూడడానికి జనం వచ్చేవాళ్లు. ఏడుపు లేని చావు వాళ్లకు వింత. పెద్ద తాత పోయినప్పుడు నేనూ వింతగానే చూశాను, భయపడలేదు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. కూర్చోబెడితే మామూలుగా కూర్చున్నట్టే ఉన్నాడు.

నా తర్వాత తమ్ముడు శంకరయ్య, వాడి తర్వాత చెల్లె. చెల్లె పేరు అనసూయ. ఈ పేరు రాయడానికి ఇంతసేపు పట్టింది. ముందు పళ్లు ఊడి ఉండేవి, 'స' పలికితే గాలి పోయేది. కందుల బస్తా మీదికెక్కి నాయిన లాగా కాళ్లు మడిచి కూర్చుని, ఎడమ చేతిలో గంటె తంబురలా పట్టుకుని నాకూ తమ్ముడికీ బోధ చెప్పేది. ఏం చెప్పేదంటే, పిల్లి పాలు తాగిన సంగతి, రహీం సాబ్ మేక మా ఇంట్లోకి వచ్చిన సంగతి, అదంతా నాయిన గొంతుతో, ఆఖరున "తెలిసిందా నాయనలారా" అని. ఒకసారి నాయిన తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. కొడతాడనుకున్నాం. మధ్యగదిలోకి పోయి గొంగడి మీద కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాడు. నాయిన అట్లా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

దానికి జ్వరం వచ్చింది. తాండూరు దవాఖానాలో మందులిచ్చారు, తగ్గలేదు. మెడ బిగుసుకుపోయి ఒళ్లు కాలిపోతుంటే హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. పొద్దున రైలుకు నాయిన, అమ్మ, నేను బయలుదేరాం. దాని చెంబు, అది పసితనం నుంచీ వదలని గిలక్కాయ నేను మోయాలి, అందుకు నన్ను తీసుకుపోయారు. ధారూరు దాటాక అమ్మ ఒళ్లో అది ఒకసారి కళ్లు తెరిచి నన్ను చూసింది. వికారాబాదు వచ్చేలోపల పోయింది. అమ్మ నోరు తెరిచింది. నాయిన ఆమె చేతిమీద చెయ్యేసి నొక్కాడు. రైల్లో శవం ఉందని తెలిస్తే దింపేస్తారు, పోలీసులంటారు, కోస్తారు. వికారాబాదు స్టేషన్లో దిగాం. నాయిన దాన్ని భుజానేసుకుని, నిద్రపోతున్న పిల్లను జోకొడుతున్నట్టు వీపు తడుతూ, ఎదురుబండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడిచాడు. ఒకామె పక్కన కూర్చుని, "పాప మంచిగ పండుకుంది" అంది అమ్మతో. అమ్మ తలూపింది. తాండూరు దాకా అమ్మ అట్లాగే కూర్చుంది, నేను గిలక్కాయ చప్పుడు కాకుండా గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక దాన్నీ కూర్చోబెట్టారు. పెద్దవాళ్లకయితే గోడ మీద మేకు ఎత్తు సరిపోతుంది, దానికి సరిపోలేదు. కింద పీట వేసి, పీట మీద కందుల గోనె మడిచి వేసి ఎత్తు చేశారు. రోజూ అది ఆడుకునే తీరులోనే కూర్చుంది. నాయిన ఎదురుగా కూర్చున్నాడు. నర్సప్ప తంబుర మీటుతున్నాడు. అమ్మ వంటింటి గడప మీద నిలబడింది. నాయిన చెప్పడం మొదలుపెట్టాడు. ఇల్లు ఖాళీ చేసిపోయినవాడు, గోడ, పేరు, ఊరు. అన్నీ ఎప్పటి మాటలే. ఎప్పుడూ ఉండే దానికంటే చాలా ఎక్కువసేపు చెప్పాడు. అయిపోయిందనుకుని మనుషులు లేవబోతే మళ్లీ మొదటికి వచ్చేవాడు. గొంతు బొంగురుపోయింది, పొద్దు వాలింది. ఆరోజు నాకు కోపం వచ్చింది, ఇంతసేపు చెప్తాడేమిటని. ఇప్పుడు నాకు తెలుసు. బోధ అయితే లేపేస్తారు. చెప్తున్నంతసేపు బిడ్డ ఎదురుగా ఉంటుంది. ఆయనకు తెలిసిన ఏడుపు అదొక్కటే. ఆ సంగతి ఆయన అమ్మకు చెప్పలేదు, అమ్మను ఏడవనివ్వలేదు. అందుకు ఆయన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో అనసూయ పేరు ఎవరూ అనలేదు. పటం లేదు, తద్దినం లేదు. దాని గౌన్లు వెనక గల్లీలో ఎవరికో ఇచ్చేశారు. దాని గిలక్కాయ మాత్రం నాయిన కనపడకుండా ఎక్కడో పారేశాడు. నాయినకు ఎదురుపడి అడిగే ధైర్యం నాకు లేదు. అమ్మ రోజూ లాగానే చాటలో పప్పు చెరిగేది, చాయ్ కాచేది. అయితే ఒక కొత్త అలవాటు వచ్చింది. తాండూరులో ఎవరింట్లో చావయినా అమ్మ పోయేది. తెలిసినవాళ్లా తెలియనివాళ్లా అని చూసేది కాదు. వీధిలో డప్పు వినిపిస్తే చేతిలో పని చేతిలోనే వదిలేసి, కొంగు కప్పుకుని, నన్ను తోడు తీసుకుని నడిచేది. గనుల్లో రాయి మీద పడి చచ్చిపోయిన వడ్డెర ఇంటికీ పోయింది, కన్నడం మాట్లాడే బట్టల కొట్టు వాళ్ల ఇంటికీ పోయింది. పోయి, ఆడవాళ్ల మధ్య కూర్చుని, రాగం తీసి ఏడ్చేది. ఇంట్లో దగ్గు కూడా వినపడకుండా దగ్గే మనిషికి అంత గొంతు ఎక్కడిదా అని నాకు సిగ్గేసేది.

రహీం సాబ్ తండ్రి పోయిన రోజు నాకు బాగా గుర్తు. తెల్లగడ్డం ముసలాయన, మంచాన పడి చాలా కాలమైంది. వాళ్లింట్లో ఆడవాళ్లు మెల్లగా ఏడుస్తున్నారు. అమ్మ పోయి కూర్చుని, "నా బిడ్డా, నన్నిడిసి ఎట్ల పోతివి బిడ్డా, నీ ఊడిన పండ్లన్న మళ్ల రాకపాయె బిడ్డా" అని ఎత్తుకుంది. గదిలో ఒక్క క్షణం అందరూ ఆగిపోయారు. ముసలాయనకు పళ్లు లేవన్న మాట నిజమే గానీ, ఆయన్ను బిడ్డ అనేవాళ్లు ఎవరు. రహీం సాబ్ భార్య అమ్మ వైపు చూసింది. తర్వాత పక్కకు జరిగి అమ్మ భుజం మీద చెయ్యి వేసి, తానూ గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. ఎవరూ ఏమీ అడగలేదు. తిరిగి వస్తుంటే నేను అడిగాను, "అమ్మా, తాతను బిడ్డా అంటరా?" అని. "నోరు మూసుకొని నడువు" అంది. కుళాయి దగ్గర ఆగి మొహం కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, ఇంట్లోకి పోయి పొయ్యి రాజేసింది. నాయిన బోధకు కూర్చునే వేళయింది.

ఆ ఇంటికే మహేశ్‌ను తెచ్చాం. నాపరాళ్ల మీద ఇప్పుడు టైల్స్ వేశారు, కందుల బస్తాలు మిల్లుకు పోయాయి, మధ్యగదిలో పెద్ద టీవీ. అమ్మా నాయినా పోయి చాలా ఏళ్లయింది. నాయిన తర్వాత శంకరయ్య బోధ చెప్పేవాడు గానీ, రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి వాడి మాట పడిపోయింది. మంచం మీద కూర్చోబెడితే కొడుకు వైపు చూస్తూ ఎడమ చెయ్యి ఎత్తి దించుతున్నాడు. మారిందేమిటని లెక్క చూసుకుంటే, అప్పుడు బొగ్గురైలు, ఇప్పుడు ఆక్సిజన్ ఉన్న బండి. ఇద్దరూ వికారాబాదు దాటలేదు. అప్పుడు మధ్యగదిలో కూర్చుని వినాల్సిన బోధ ఇప్పుడు ఫోనులో పొద్దున లేవగానే వస్తుంది, గులాబీ పువ్వు బొమ్మతో. ఆత్మకు చావు లేదు, బాధపడకండి, శుభోదయం. మహేశ్ పోయాడని తెలిసిన గంటలోనే కమల ఫోనుకు అలాంటివి వరసపెట్టి వచ్చాయి. ఏడవనివ్వకపోవడానికి ఒకప్పుడు ఒక మనిషి వచ్చి ఎదురుగా కూర్చోవాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు.

అదే మేకుకు గుడ్డ కట్టారు. నర్సప్ప ముసలివాడయ్యాడు, తంబుర పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అక్కా, శంకరన్నకు మాట లేదాయె. ఇంటికి పెద్దదానివి నువ్వే. నువ్వే చెప్పాలె."

"నేనెన్నడు చెప్పలేదు నర్సప్పా."

"సేటు చెప్పంగ చిన్నప్పటిసంది ఇన్నవ్ గద. నీ నోట్లనే ఉంటది. జర జల్ది కానీ, పొద్దు గూకుతది."

నాకు ప్రతి మాటా వచ్చు, అది నిజమే. నాయిన ఆగే చోటు, దగ్గే చోటు కూడా తెలుసు. ఎదురుగా కూర్చున్నాను. కమల వంటింటి గడప మీద నిలబడి ఉంది. అమ్మ నిలబడిన గడపే. తలుపు చెక్కను పట్టుకుంది. నేను కూర్చునే ముందే ఆమె నా దగ్గరికి వచ్చి చెవిలో ఒక మాట అడిగింది. "వదినె, నాతోని అయితలేదు. ఎనక గల్లీల ఎవరి ఇంట్లకన్న పోయి ఏడ్చి రానా? బోధ అయ్యేలోపల వస్త." ఆమె కోడలిగా వచ్చేనాటికి మా అమ్మ అట్లా పోవడం మానేసింది, ఆ సంగతి ఆమెకు తెలియదు, నేనెప్పుడూ చెప్పలేదు. ఏ ఆడదానికి ఆ ఆడదే ఆ దారి కనుక్కోవలసి వచ్చింది ఆ ఇంట్లో. "నువ్వు ఎక్కడికి పోవద్దు, గీడనే ఉండు" అన్నాను. ఆమె నేను కూడా వద్దన్నాననుకుని గడప దగ్గరికి పోయింది.

నర్సప్ప తంబుర మీటాడు. జనం సర్దుకుని కూర్చున్నారు. నేను నోరు తెరిచాను. "మహేశా" అన్నాను. నర్సప్ప వేలు తీగ మీద ఆగిపోయింది. పేరు అనకూడదని గుర్తుచేస్తున్నట్టు దగ్గాడు. "మహేశా, కొడుకా" అన్నాను మళ్లీ, గట్టిగా. నాకు ఏడుపు రాగం రాదు, ఎన్నడూ పట్టలేదు. వచ్చింది అమ్మ గొంతు. రహీం సాబ్ ఇంట్లో, వడ్డెర గుడిసెలో, బట్టల కొట్టు వాళ్ల నడవలో విన్న గొంతు. "నన్నిడిసి ఎట్ల పోతివి కొడుకా" అని ఎత్తుకున్నాను. గడప దగ్గర కమల ఒక అరుపు అరిచింది. పరుగెత్తుకొచ్చి కొడుకు మోకాళ్ల మీద పడి, నుదుటి గుడ్డ జారిపోయేలాగా ఊపి ఊపి ఏడ్చింది. శంకరయ్య నోట్లోంచి మాట కానిది ఏదో వచ్చింది. ఎవరో "ఇదేంది, బోధోళ్ల ఇంట్ల" అన్నారు. నర్సప్ప తంబురను మెల్లగా గోడకు ఆనించి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆగలేదు. ఎంతసేపు ఏడ్చానో, ఏమేం అన్నానో నాకు తెలియదు. అన్నవాటిలో ఒకటి మాత్రం నాకే వినపడింది. అనసూయా, బిడ్డా.

పొద్దుగూకాక లేపారు. ఆలస్యమైందని మగవాళ్లు విసుక్కున్నారు. గురువుకు తప్పు చేశారని కొందరు చాయ్ తాగకుండానే పోయారు. ఇల్లు ఖాళీ అయ్యాక కమల, నేను టైల్స్ మీద గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఆమె మొహం వాచిపోయి ఉంది, గొంతు పోయింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మా నాయినకు అన్నం పెట్టింది, మా అమ్మ ఆఖరున మంచం పట్టినప్పుడు ఎత్తిపోసింది.

"వదినె" అంది నా వైపు తిరిగి, "అనసూయ అంటె ఎవరు?"

"నా చెల్లె. నీకు చిన్న ఆడబిడ్డ."

కమల నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. మంచం మీద శంకరయ్య తల ఇటు తిప్పాడు.

"ఎట్లుండేది?" అంది.

గోడకు మేకు ఇంకా అట్లాగే ఉంది. నేను కాళ్లు మడిచి కూర్చుని, ముందు పళ్లు ఊడిన సంగతితో మొదలుపెట్టాను.